అది మందు కాదక్క, పసుపు

కిటికీ సంగతి

ఇన్ని మందుల పేర్లు ఎట్లా గుర్తుపెట్టుకున్నారు మేడమ్ అని కొత్తగా ఫార్మసీ చదివి వచ్చిన పిల్లలు నన్ను అడుగుతుంటారు. పేర్లకేముంది, పెట్టె మీద అచ్చేసి ఉంటాయి, కళ్లజోడు తుడుచుకుని చదువుకోండి అంటాను. ఈ ఉద్యోగంలో మనల్ని ఏడిపించేదీ నవ్వించేదీ కిటికీ అవతల నిలబడ్డ మనిషి. ఆ మనిషి గురించి ఏ పెట్టె మీదా రాసి ఉండదు.

నా పేరు సుగుణ. మొదట బోధన్‌లో, తర్వాత నిజామాబాద్‌లో ఒక గుండె దవాఖానలో మందుల కిటికీ వెనక కూర్చుని రిటైరయ్యాను. అందరూ నన్ను మందులక్క అనేవాళ్లు. ఆ కిటికీ కట్టిన మేస్త్రీ ఎవరో గానీ, ముఖం కనబడకుండా చెయ్యి మాత్రం దూరేటట్టు కట్టాడు. అందుకని చాలామందిని చేతుల్ని బట్టే గుర్తుపట్టేదాన్ని. బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లు, చెరుకాకు కోసిన గీతలున్న చేతులు, ఆర్మూరు వైపు పసుపు రైతుల పచ్చటి గోళ్లు. ముఖం చూడాలంటే నేను వంగి, వాళ్లు వంగి, ఇద్దరం కోళ్లగూటిలో గుడ్లు వెతుకుతున్నట్టు ఉండేది.

బోధన్‌లో చేరిన కొత్తలో ఒక చెరుకు రైతు వారానికి సరిపడా గోలీలు తీసుకుపోయి, మర్నాడే వచ్చి మళ్లీ కావాలన్నాడు. ఏమైనయ్ అంటే, "చేదున్నయక్క. అన్ని దంచి, బెల్లంల కలిపి లడ్డూలు చేసినం. పిల్లలు తింటరేమోనని భయమై పారవోసిన" అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచి నవ్వేశాను. మా జిల్లాలో మందును తిండిలా వాడేవాళ్లూ, తిండిని మందులా వాడేవాళ్లూ సమానంగా ఉంటారని నాకు అప్పుడే తెలిసింది. రెండో రకం వాళ్లే ప్రమాదం. వాళ్ల సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రాజన్న మీసం

రాజన్నది ఏర్గట్ల. పసుపు రైతు. యాభై దాటిన మనిషి, తెల్లటి గుబురు మీసం, ఎవరేం చెప్పినా తలూపే మెత్తటి స్వభావం. గుండెలో పాడైన కవాటం తీసేసి లోహపుది పెట్టారు. అట్లాంటివాళ్లు బతికున్నన్ని రోజులూ రక్తం పలచగా ఉంచే గోలీ వేసుకోవాలి. రక్తం మరీ పలచబడితే ఎక్కడో ఒకచోట కారుతుంది, ఆగదు. చిక్కబడితే కవాటం దగ్గర గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. రెండు వరిమళ్ల మధ్య సన్నటి గట్టు మీద నడిచినట్టే వాళ్ల బతుకు. అందుకే మాటిమాటికీ ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష చేసి, దాన్ని బట్టి గోలీ మోతాదు పెంచుతారు, తగ్గిస్తారు.

ఆపరేషన్ అయిన మొదట్లో రాజన్న గట్టు మీద చక్కగా నడిచాడు. ఆ తర్వాత ఎప్పుడు పరీక్ష చేసినా రక్తం పలచగానే. మా గుండె డాక్టరు పెద్ద సార్ మోతాదు తగ్గించాడు. మళ్లీ పలచన. మళ్లీ తగ్గించాడు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు, మంచంకోడు తగిలితే నల్లగా కమిలిన మచ్చ. పెద్ద సార్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేరుగా నా కిటికీ దగ్గరికే వచ్చాడు.

"సుగుణమ్మా, నువ్వు ఇతనికి ఏం గోలీ ఇస్తున్నవ్? నేను రాసిందా, నీకు తోచిందా?"

వరసలో ఉన్నవాళ్లందరూ విన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు రాసిందే సార్. కావాలంటే లోపలికొచ్చి మీరే ఇయ్యండి, నేను మీ కుర్చీల కూసుంట" అన్నాను. సార్ గిర్రున తిరిగి వెళ్లిపోయాడు. ఆయన మంచివాడే, కానీ మంచితనం బయటపడటానికి ఒక పూట పడుతుంది.

రాజన్నను కిటికీ పక్కనున్న తలుపులోంచి లోపలికి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను.

"రాజన్నా, ఇంకేమన్న మందులు తింటున్నవా?"

"ఏం లేవక్క. మీరిచ్చిన గోలీలే."

"పసర్లు, చూర్ణాలు, నాటు మందులు?"

"అయ్యో, గవన్ని నాకెందుకక్క."

అంతదాకా చేతులే తప్ప ముఖం సరిగ్గా చూడలేదు. ఇప్పుడు చూస్తే ఆ తెల్ల మీసం కింది అంచు పొడుగునా పసుపుపచ్చగా ఉంది. బీడీ తాగేవాళ్ల మీసం అట్లాగే ఉంటుంది. దొరికాడు దొంగ అనుకున్నాను.

"బీడీ మళ్ల మొదలువెట్టినవా?"

రాజన్న బిత్తరపోయాడు. భార్య లక్ష్మి మాత్రం వెనక నుంచి నా మీదికి వచ్చినంత పని చేసింది. "ఏం మాట్లాడుతున్నవక్క? ఆపరేషన్ అయినకాడికెల్లి బీడీ ముట్టలే. ముడితే నేను ఊకుంటనా? బీడీకట్ట పొయ్యిల వెట్టిన. నువ్వు మా ఇంటికొచ్చి సూడు!"

"వస్త" అన్నాను నేను కూడా పంతంగా.

"రా మరి. ఐతారం పసుపు ఉడుకవెడుతున్నం."

పసుపు ఉడికిన నాడు

ఆదివారం బస్సులో ఆర్మూరు దాకా, అక్కడి నుంచి షేర్ ఆటోలో ఏర్గట్ల. ఆటోలో నా ఒళ్లో ఎవరిదో మక్కజొన్నల సంచి. దిగేసరికి ఊరంతా ఉడికిన పసుపు వాసన. రాజన్న కల్లంలో బాయిలర్ బుసలు కొడుతోంది. ఉడికిన కొమ్ములు కుప్పలుగా పోసి ఆరబెడుతున్నారు. రాజన్న వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని కూలీలకు చేత్తో సైగలు చేస్తున్నాడు. బరువు పనులు మేమే చెయ్యొద్దన్నాం.

నేను అడిగితే ఏమీ చెప్పరని తెలుసు. అందుకని ఊరికే కూర్చుని చూశాను.

మొదట రాజన్న తల్లి నర్సవ్వ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం బాయిలర్ కంటే గట్టిది. చేతిలో ఇత్తడి గ్లాసు. రాజన్న గుటగుటా తాగి మీసం తుడుచుకున్నాడు. మీసం అంచు పచ్చబడింది! నేను లేచి గ్లాసు తీసుకుని చూశాను. అడుగున పసుపు ముద్ద, మిరియాల పొడి.

"అవ్వా, ఇదేంది?"

"పాలు బిడ్డ."

"పాలల్ల?"

"పసుపు. మా పసుపే. ముందుగాల తవ్విన తల్లి దుంపలు అమ్మం. ఇంటికని తీసి, నేనే దంచుత. గుండె కోసిండ్రు గద, లోపలి పుండు మానొద్దా?"

"ఎంత వేస్తవవ్వ?"

నర్సవ్వ అరచెయ్యి గుంటగా పట్టి చూపించింది. పొద్దున ఒక గ్లాసు, పండేటప్పుడు ఒకటి.

నేను రాజన్న వైపు తిరిగాను. "మందులేం తింటలేనన్నవ్?"

ఆయన అమాయకంగా చూశాడు. "అది మందు కాదక్క, పసుపు."

ఎకరాలకు ఎకరాలు పండించి, క్వింటాళ్ల లెక్కన మార్కెట్‌కు తోలి, బోనస్ కోసం ధర్నా చేసే మనిషికి అది పంట. వరి పండించే మనిషిని అన్నం మందా అని అడిగినట్టు ఉంది నా ప్రశ్న.

కాసేపటికి లక్ష్మి నన్ను పక్కకు పిలిచి, అత్త వినకుండా, "నువ్వైతే తిట్టవు గద అక్క. నేను పరిగడుపున ఎల్లిగడ్డ తేనెల నానవెట్టి పెడుతున్న. మా అత్తకు తెల్వదు. తెలిస్తే, నా పసుపు సాలదా అంటది" అంది. ఆ తర్వాత బోధన్ నుంచి లక్ష్మి తమ్ముడు సాయిలు మోటార్ సైకిల్ మీద దిగాడు. చెరుకు రైతు. వచ్చినప్పుడల్లా ఇచ్చినట్టే బావకు ప్రేమగా ఒక పొట్లం ఇచ్చాడు. అంగట్లో డేరా వేసుకున్న ఒకాయన మరాఠీలో చెప్పి అమ్మిన రక్తశుద్ధి చూర్ణమట. అందులో ఏముందో అమ్మినవాడికీ తెలియదు, సాయిలుకు మరాఠీ సగమే వచ్చు. "మా అక్కకు సెప్పకు బావ" అన్నాడు నా ఎదురుగానే.

రాజన్న అందరికీ తలూపాడు. ఎవరి వైద్యం వాళ్లకు రహస్యం. ఆయన కడుపుకే అన్నీ తెలుసు.

ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పాను. కూరలో వేసే చిటికెడు పసుపుతో, తాలింపులో వేసే వెల్లుల్లితో ఏ భయమూ లేదు. గుప్పెడు గుప్పెడు పోస్తే మాత్రం అవి కూడా రక్తాన్ని పలచబరచగలవు, గోలీకి తోడవుతాయి. మిరియాలు కలిపితే పసుపు ఇంకా బాగా ఒంటికి పడుతుంది. "రేపు పొద్దుగాల దవాఖానకు రండ్రి. గీ గ్లాసు, గీ సీసా, గీ పొట్లం అన్ని పట్టుకరండ్రి. సార్ సెప్పేదాక మీ అంతట మీరు ఏదీ బంద్ వెట్టకుండ్రి, ఏదీ పెంచకుండ్రి" అని రెండు మూడుసార్లు చెప్పాను. లక్ష్మికి నర్సవ్వ మీద కోపం, నర్సవ్వకు లక్ష్మి మీద కోపం, సాయిలు మీద ఇద్దరికీ కోపం. బీడీ మాట అన్నందుకు నా మీద లక్ష్మికి పాత కోపం ఉండనే ఉంది. భోజనం మాత్రం కమ్మగా పెట్టారు.

నాలుక మడతపడ్డ రోజు

మర్నాడు వాళ్లు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే, "బాయిలర్ కిరాయికి తెచ్చినమక్క, కూలోళ్లున్నరు, ఇడిసిపెట్టి ఎట్లొస్తం" అన్నాడు రాజన్న. పసుపు ఉడికే రోజుల్లో ఆ ఊళ్లలో పెళ్లిచూపులు కూడా వాయిదా వేస్తారు, ఇక రక్త పరీక్ష ఏపాటి? నేను గొంతు చించుకున్నాను. "ఏం గాదక్క, మంచిగున్న" అన్నాడు.

తర్వాతి సోమవారం కారులో తీసుకొచ్చారు. పొద్దున చాయ్ తాగుతుంటే చేతిలో గ్లాసు జారి పడిందట, మాట ముద్దగా వచ్చిందట. దవాఖానకు చేరేసరికి మాట సర్దుకుంది గానీ కుడిచేతి వేళ్లలో తిమ్మిరి పోలేదు. పరీక్ష చేస్తే రక్తం చిక్కగా ఉంది. ఇన్నాళ్లూ పలచన, ఇప్పుడు చిక్కన. పెద్ద సార్ వెంటనే చేర్చుకుని, రక్తం పలచబరిచే ఇంజెక్షన్లు పొట్టకు మొదలుపెట్టి, నన్ను పిలిచాడు. ఆ రోజు అరవలేదు, అందుకే నాకు భయం వేసింది.

జరిగింది చెప్పాను. సార్ లక్ష్మిని అడిగాడు. నేను ఏర్గట్ల నుంచి వచ్చేసిన సాయంత్రమే నర్సవ్వ పసుపు డబ్బా తీసుకుపోయి పెంటకుప్పలో గుమ్మరించిందట. అది చూసి లక్ష్మి తేనె సీసా పారేసింది, సాయిలు పొట్లం వాగులో వేశాడు. అన్నీ ఒక్క పూటలో బంద్.

"సుగుణమ్మా" అన్నాడు సార్, "వాళ్లు ఇవన్నీ పెడుతుండంగ రక్తం పలచనైతుందని నేను గోలీ తగ్గించుకుంటొచ్చిన. ఇప్పుడు అవి పోయినయ్, తగ్గించిన గోలీ ఒక్కటే మిగిలింది. అవి ఆపినా గూడ మందు మార్చినట్టే."

"మీరు సెప్పేదాక ఆపొద్దని సెప్పిన సార్."

"నువ్వు సెప్పింది ఆపొద్దని. ఆ ముసలామెకు వినవడ్డది, నీ కొడుకును నువ్వే సంపుతున్నవని. అది విన్నంక ఏ తల్లి డబ్బా ఉంచుకుంటది?"

పిల్లలూ, మీరు ఈ కిటికీ వెనక కూర్చున్నన్నాళ్లూ ఈ మాట మర్చిపోకండి. ఆకు మందు, పసరు, సీసాలో వచ్చే ప్రకృతి గుళిక, ఏదైనా సరే, కొత్తగా మొదలుపెట్టినా హఠాత్తుగా మానేసినా డాక్టరుకు తెలియాలి, రక్త పరీక్ష కావాలి. అల్లం రసం, మెంతి పొడి, జ్ఞాపకశక్తికని అమ్మే గుళికలు, అన్నీ ఇంతే. మెడికల్ షాపులో చేతికిచ్చే ఒళ్లునొప్పుల గోలీ మరీ చెడ్డది. ఆకుకూరలు పూర్తిగా మానెయ్యమని కూడా బెదిరించకండి. రోజూ తినేంత తింటూ ఉంటే చాలు, ఒక వారం గంపెడు, ఒక వారం సున్నా కాకూడదు. నల్లగా విరేచనమైనా, తలకు దెబ్బ తగిలినా, మాట తడబడినా మీ కిటికీ దగ్గర వరసలో నిలబెట్టకుండా లోపలికి ఉరికించండి.

నర్సవ్వ కొలువు

ఆ మధ్యాహ్నం నర్సవ్వ వార్డు బయట వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ గొంతు అసలు లేవడం లేదు. నేను పక్కన కూర్చున్నాను.

"పసుపిస్తే నెత్తురు కారె. పసుపు ఆపితే నాలుక మడతవడె. నేనేం జేద్దు బిడ్డ? నా చేతుల ఏం పాపమున్నది?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఉద్యోగంలో మందులు తప్ప ఇవ్వడానికి మన దగ్గర ఏమీ ఉండదు. అయినా ఒకటి తోచింది.

"అవ్వా, మొన్నటిదాక పొద్దుమీకి గోలీ ఎవలిచ్చిండ్రు?"

"ఆడే ఏసుకుంటుండె. యాదికుంటే ఏసుకునె, లేకుంటే లేదు."

"ఇగ నువ్వియ్యి. రోజు ఒక్క తీరు, ఒక్కటే యాళ్లకు. పసుపు కూరల ఎప్పటి తీరే ఎయ్యి, గ్లాసుల వద్దు. ఎవలేం పెట్టినా నిన్ను అడిగే పెట్టాలె. రాజన్నను ఇంకేమన్న మందులు తింటున్నవా అని అడగకు, లేదంటడు. పొద్దుగాల లేచినకాడికెల్లి పండేదాక నోట్లె ఏమేం పోయినయో సెప్పు అని అడుగు."

ఆమె తలెత్తింది. "నా చేత్తోనే?" అంది.

"నీ చేత్తోనే."

రాజన్న వేళ్ల తిమ్మిరి పోయింది, మోతాదు కుదిరింది, ఇంటికి పోయాడు. ఆ తర్వాత ఆయన రక్తం గట్టు దాటలేదు. ఆ ఇంట్లో ఇంకెవరికీ మనశ్శాంతి లేదు. నర్సవ్వ సాయంత్రం కాగానే గోలీ చేత్తో పట్టుకుని నిలబడేదట, మింగాక నోరు తెరిచి చూపించాలట. బోధన్ నుంచి సాయిలు వస్తే వాకిట్లోనే జేబులు తడిమేదట. పండక్కి వచ్చిన చుట్టాలనూ, చివరికి పసుపు కొనడానికి వచ్చిన వ్యాపారినీ పొద్దున లేచినకాడికెల్లి నోట్లె ఏమేం పోయినయో చెప్పమందట. "అక్క, నువ్వు మా అత్తకు కొలువిచ్చినవ్, మాకు జైలిచ్చినవ్" అని లక్ష్మి ఫోన్లో మొత్తుకునేది. బీడీ కోపం అప్పటికి పోయింది.

మా వంటింట్లో

రిటైరయ్యాక నా గుండె కూడా తాళం తప్పింది. కొట్టుకోవాల్సిన తీరు మానేసి ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటోందని పెద్ద సార్ నాకు కూడా రక్తం పలచబరిచే గోలీ రాశాడు. నాది కొత్త రకం, మాటిమాటికీ పరీక్ష అక్కర్లేదు. "నీకు జాగ్రత్తలు సెప్పాల్నా?" అని నవ్వాడు. అక్కర్లేదు సార్ అన్నాను గొప్పగా.

మొన్న రాజన్న తల్లిని కంటి దవాఖానకు తీసుకొచ్చి, ఆమెను మా ఇంట్లో దించి, తను చుక్కల మందు కొనడానికి పోయాడు. నర్సవ్వ ఇంకొంచెం వంగింది, గొంతు మాత్రం వంగలేదు. బల్ల మీద నా గోలీల పట్టీ చూసింది.

"ఇదేంది? నువ్వు గూడ నెత్తురు గోలీనే?"

"ఔనవ్వ."

"ఇంకేమన్న తింటున్నవా?"

"ఏం లేవవ్వ. గీ గోలీలే."

నర్సవ్వ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "గట్ల గాదు. పొద్దుగాల లేచినకాడికెల్లి సెప్పు."

చాయ్ చెప్పాను, ఉప్మా చెప్పాను, మజ్జిగ చెప్పాను. ఆమె తలూపుతూ విని, మంచినీళ్లు తాగొస్తానని వంటింట్లోకి పోయింది. వచ్చేటప్పుడు చేతిలో ఒక సీసా ఉంది. మోకాళ్ల నొప్పులు అంటే పొద్దున నాతో నడకకు వచ్చే స్నేహితురాలు ఇచ్చింది. మూతకు బంగారు రంగు, లోపల గుళికలు. నర్సవ్వకు చదువు రాదు. ఒక గుళిక విప్పి, పొడిని అరచేతిలో పోసుకుని వాసన చూసి, నాలుక మీద వేసుకుంది.

"పసుపు. మాది గాదు గని, పసుపే. మిరియాలు గూడ ఉన్నయ్."

"అది మందు కాదవ్వ, పసుపే గదా..."

మాట పూర్తి కాకముందే నాకు వినబడింది నేనేం అన్నానో. నర్సవ్వ నవ్వలేదు. నేనే నవ్వాను, చెమట కూడా పట్టింది. ఆ గుళికలు మొదలుపెట్టినప్పటి నుంచీ ముంజేతి మీద కమిలిన మచ్చలు కనబడుతున్నాయి. గాజులు ఒత్తుకున్నాయనుకుని ఊరుకున్నాను. ఇన్నేళ్లు ఎదుటివాళ్ల చేతులు చూసి బతికినదాన్ని, నా చెయ్యి నేను చూసుకోలేదు.

సిగ్గుతో ఆ సీసా చెత్తబుట్టలో వెయ్యబోయాను. నర్సవ్వ నా ముంజేయి పట్టుకుని, మచ్చల మీద బొటనవేలితో మెల్లగా రాసింది.

"పారెయ్యకు. నీ అంతట నువ్వు ఏం జెయ్యకు. ముందుగాల సార్‌కు ఫోన్ కొట్టు."

"రేపు పోతనవ్వ."

"పసుపు ఉడుకవెడుతున్నవా రేపటిదాక? ఇప్పుడే కొట్టు."

కొట్టాను. సార్ హలో అన్నాడో లేదో, నర్సవ్వ ఫోన్ నా చేతిలోంచి లాక్కుని, బాయిలర్ సప్పుడుకు వినబడాలన్నట్టు అరిచింది.

"సారూ, నేను ఏర్గట్ల నర్సవ్వను. గీ మందులక్క మందులేం తింటలేనని అబద్ధమాడుతుంది!"